హలీమక్క గోలీల షీటు

ఎనభైలలో రంజాన్ నడి ఎండకాలంలో పడిన ఏడాది సంగతి ఇది. మా పక్కింటి హలీమక్క బావి దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. ఆమెకు బీపీ ఉంది. ఆమె అన్న అంతకు ముందు ఏడాదే గుండె ఆగి పోయాడు. ఆమె మాత్రం "ఎండకు గట్లయింది చెల్లె, జహీరాబాద్ పోయి తలనొప్పి గోలి తెచ్చుకుంటే సరి" అంది. ఒక్కదాన్నే పంపబుద్ధి కాక నేనూ బయలుదేరాను.

మా ఊరు ఝరాసంగంలో ఎనిమిదిన్నర బస్సు ఎక్కాం. ఆడవాళ్ళ సీట్లలో ఉల్లిగడ్డ సంచులు కూర్చున్నాయి. సంచుల ముసలాయన "వాటి మీదనే కూసోన్రి, అవి ఏమనయి" అన్నాడు. దున్ని వదిలిన నల్ల చేలు చూసుకుంటూ తొమ్మిదిన్నర దాటాక దిగాం.

బస్టాండు నుంచి నాలుగు అడుగులేస్తే శంకరప్ప మందుల దుకాణం. బీపీ గోలీలు వాడేవాళ్ళు పాత షీటు తెచ్చి చూపాలని ఆయన పట్టు. అది ఖాళీ అయితేనే కొత్తది ఇచ్చేవాడు.

"ఏమమ్మా, షీటేది?" అన్నాడు హలీమక్కను చూడగానే.

"గది కాదు భాయ్, తలనొప్పి గోలి చాలు."

"ముందు గది చూపియ్యి."

ఆమె సంచి అడుగు నుంచి తీసింది. రంజాన్‌కు ముందు కొన్న షీటు. ఒక్క గోలీ కదల్లేదు.

"నాష్టా చేసినంక వేసుకోమన్నరు. రోజా ఉపాసంల నాష్టా ఎక్కడిది? నీళ్ళే తాగకపోతిమి, గోలి ఎట్ల మింగాలె?" అంది హలీమక్క. "రోజా విడువమంటవని నీ దిక్కు రాలే. చిన్నప్పటి సంది ఒక్కటి విడువలే నేను."

"విడువమని నేనెందుకంట? గోలి ఏసుకునే యాళ్ళ మార్చొచ్చేమో డాక్టర్‌సాబ్‌ను అడుగుదాం. మీ దిక్కు సగం మంది గిట్లనే ఆపుతరు, పండుగైనంక గుండె పట్టుకొని దవాఖానకు ఉరుకుతరు. ఆపేముందు నన్నొక మాట అడిగితే ఏం పోతది?" అన్నాడు శంకరప్ప. తలనొప్పి గోలి మాత్రం ఇవ్వలేదు.

ఆ దుకాణంలోనే చూసే డాక్టరు నాలుగింటికి గాని రాడట. ఫ్యాను కింద బెంచీ చూపించాడు శంకరప్ప. ఆమె ముందు తినలేక నేనూ ఊరుకున్నాను. మధ్యాహ్నానికి హలీమక్కే గదిమింది. "రోజా నాది, నీకేమైందే? పోయి తిని రా!" ఎదురు హోటల్లో ఇడ్లీ తిని వచ్చాను.

డాక్టరు చేతికి పట్టీ కట్టి బీపీ చూసి మొహం చిట్లించాడు. "బాగా ఎక్కువుంది. ఈ గోలి రోజుకొకటే కదా, మాపటికి రోజా ఇడిచినంక వేసుకో. రోజూ అదే యాళ్ళకు. వారంలో మళ్ళొచ్చి చూపియ్యి. మళ్ళ కండ్లు తిరిగితే మాత్రం రోజా ఆపాలె." హలీమక్క షీటును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆఖరికి "సరే సాబ్" అంది.

ఆరుంపావు బస్సులో పొద్దుటి ముసలాయనే కనిపించాడు. ఉల్లిగడ్డ అమ్ముడుపోయింది. "సంచులు ఖాళీ, సీట్లు మీవే" అన్నాడు. సగం దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగినప్పుడు మసీదు నుంచి అజాన్ వినిపించింది. హలీమక్క కొంగు ముడి విప్పి ఖర్జూరం తీసి, సగం నాకిచ్చి, సగం తాను తింది. నా చెంబులో నీళ్ళు తాగింది. అప్పుడు షీటు తీసి మొదటి గోలి నొక్కి నోట్లో వేసుకుంది.

"గదేం గోలి అమ్మా?" అన్నాడు ముసలాయన.

"బీపీది. గుండె మంచిగుండాలని."

"నాకూ తల తిరుగుతది. ఒకటియ్యి బిడ్డా."

ఆమె షీటు గభాల్న సంచిలో దాచింది. "నా గోలి నీకెందుకే కాకా? రేపు ఖాళీ షీటు చూపియ్యకుంటే శంకరప్ప నన్ను కూసోనిస్తడా? నువ్వే పోయి చూపిచ్చుకో."

మా ఊరు వచ్చేదాకా బస్టాండు నుంచి ఎటు తిరగాలో, డాక్టరు ఎప్పుడొస్తాడో ముసలాయనకు చెబుతూనే ఉంది. ఆ మాటలు వింటుంటే నాకు ఇక ఆమె ఫికర్ లేకపోయింది. కిటికీకి తల ఆనించి హాయిగా కళ్ళు మూసుకున్నాను.