బావిలో కుంకుమ

మొన్న తెల్ల బకెట్లో పట్టిన బోరునీళ్లు తెల్లారేసరికి ఎర్రబడితే, వాకాడు దగ్గర మా ఇంటి పెరటి బావి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

అప్పుడు నాకు ఏడేళ్లు. కొత్తగా తవ్విన ఆ బావి గట్టు మీద ఆడుకుంటుంటే, అమ్మ వెండి కుంకుమ భరిణె చేయి జారి లోపల పడింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు తొలిసారి తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్లు, మధ్యాహ్నానికి బిందెలో ఎర్రబడ్డాయి. కుంకుమ అయిపోయేదాకా ఇంటిల్లిపాదీ ఇవే తాగాలి కాబోలని నాకు ముద్ద దిగలేదు.

అమ్మ మాత్రం తొణకలేదు. చిల్లగింజను కుండ లోపల అరగదీసి, ఆ నీళ్లు పోసింది. సాయంత్రానికి ఎరుపంతా అడుక్కి దిగింది. పైనున్న తేటనీళ్లు ముంచి ముందు నాకే ఇచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

"అమ్మా, కుంకుమ నేనే పడేసినా."

"పిచ్చిదానా, ఈ నేలలో ఇనుము ఉండాది. గాలి తగిలితే నీళ్లు ఎర్రబడతాయి," అని నవ్వబోయి ఆగింది. "ఏందీ, భరిణె పడేసింది నువ్వా? కాకి ఎత్తుకుపోయిందని నిన్నటి నుంచి దాన్ని తిడతా ఉండా గదే!"

తిట్లన్నీ నిలబడి విన్నాను. నీళ్లు చెడగొట్టింది నేను కాదన్న సంతోషంలో ఇంకో గ్లాసు అడిగి తాగాను.