నూకన్న విప్పని ముడి

పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుటి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ జెట్టీలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫెర్రీకి తాడు కట్టి విప్పిన లస్కరు నూకన్న పోయి నెల తిరిగింది. ఆ ఆదివారం, జెట్టీ పక్కనున్న హాలులో ఆయన సంస్మరణ సభ పెట్టారు. ముందు వరుసలో కూర్చున్న భార్య గవరమ్మకు గంట గడిచేసరికి ఒక అనుమానం పట్టుకుంది: వీళ్లందరూ మరెవరి సభకో బయలుదేరి, పొరపాటున ఇక్కడికి రాలేదు కదా!

“నూకన్నగారు మితభాషి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగరు,” అంటున్నాడు తెలుగు సంఘం కార్యదర్శి మధుబాబు.

గవరమ్మ దండ వేసిన ఫోటో వైపు చూసింది. అందులో నూకన్న నోరు సగం తెరిచే ఉంది. ఫోటో తీసినవాడిని అప్పుడు తిడుతున్నాడు మరి.

పల్లెత్తు మాట! ఆ నోటికి జడిసి ఊళ్లో సగంమంది గడియారాలను పది నిమిషాలు ముందుకు తిప్పుకున్నారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చే వాళ్లను, తాడు చేతబట్టుకొని, వాళ్ల నిద్ర మొదలు చెప్పుల దాకా దేనినీ వదలకుండా తిట్టేవాడు. పెళ్లయిన మూడోనాడు గవరమ్మకూ అదే మర్యాద జరిగింది. తిట్టని నూకన్న ఆమెకు తెలియదు. ఇంట్లో ఇక వినబడని ఆ గొంతు పదిమంది నోట మళ్లీ వినబడుతుందన్న ఆశతోనే ఆమె ఈ సభకు ఒప్పుకున్నది. అయిదు గంటల ఫెర్రీకి పోర్ట్ బ్లెయిర్ వాళ్లంతా లేచిపోతారు. అప్పటికే నాలుగున్నర.

ఆమె మధుబాబు చొక్కా అంచు లాగింది. “బాబూ, ఆయన తిట్టిన తిట్లు ఎవరిచేతనైనా చెప్పించు నాయనా.”

“సంస్మరణ సభలో తిట్లేటి పిన్నీ? మర్యాదగా ఉండదు.”

“మర్యాద దండిగానే ఉంది గానీ, మా ఆయనే లేడు కదరా ఇందులో!”

అప్పుడే తలుపు కిర్రుమంది. ఎదురింటి వాసవి, చెప్పులు చేతబట్టుకొని, మునివేళ్ల మీద లోపలికి వస్తోంది. తానేం చేస్తున్నదీ తనకే తెలిసేలోపే గవరమ్మ లేచి నిలబడింది.

“ఏటే వాసవీ! ఇది మీ మేనత్త పల్లకీ అనుకున్నావేటి, నువ్వొచ్చేదాకా గుమ్మంలో ఆగడానికి? ఆ జడ రేపు అల్లుకుందువుగాని, బేగి రా! జల్దీ!”

వాసవి అలవాటు కొద్దీ గడప ఒక్క గెంతున దాటి, “రేపట్నుంచి టైముకొస్తాను చిన్నాన్నా!” అని అరిచింది.

సభ గొల్లున నవ్వింది. “నన్ను తాబేలుకు తోబుట్టువన్నాడు దీదీ!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. మధుబాబు మైకు పక్కకు జరిపి, “నన్నయితే ‘నీ పెళ్లికీ ముహూర్తం దాటాకే వెళ్తావురా’ అన్నాడు. అలాగే వెళ్లాను పిన్నీ,” అన్నాడు.

ఫెర్రీ నడిపి రిటైరైన రాజేంద్ర మెల్లగా లేచాడు. “నేను పైనుంచి హారన్ కొట్టేవాణ్ని భాభీ. కింద నుంచి ‘ముడి బిగుసుకుపోయింది సాబ్’ అనేవాడు. ఎవరో పరుగెత్తుకొస్తుంటే తప్ప ఆ ముడి ఎప్పుడూ బిగుసుకోలేదు. మనిషి ఎక్కాక తిట్టు ఆగేది, ముడి ఊడేది. దూరం ఎంతుంటే తిట్టు అంత లంబా!”

పెళ్లయిన మూడోనాడు, కొత్త పట్టుచీర కాళ్లకు చుట్టుకుంటుంటే, రోడ్డు మలుపు నుంచి ఫెర్రీ దాకా తాను ఎంతసేపు నడిచిందో గవరమ్మకు గుర్తుకొచ్చింది. అంతసేపూ ఆయన తిడుతూనే ఉన్నాడు.

కళ్లు తుడుచుకునేలోపే హారన్ మోగింది. హాలు ఖాళీ అయింది. అందరికంటే వెనక, అవతలి ఒడ్డున షాదీపూర్ వెళ్లవలసిన మధుబాబు, చంకలో మైకు పెట్టెతో పరుగెత్తుతున్నాడు. కొత్త లస్కరు ముడి విప్పబోయాడు. అప్పటికే జెట్టీకి చేరిన గవరమ్మ ఆ తాడు మీద కాలు వేసి నిలబడింది.

“ఆగు బాబూ, ముడి బిగుసుకుపోయినట్టుంది,” అని, మధుబాబు వైపు తిరిగి గొంతు సవరించుకుంది.