ముప్పై నాలుగే

మా వీధి దర్జీ బాబాయికి పక్షవాతం వచ్చి తగ్గింది. చెయ్యి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, జ్ఞాపకం మీద నమ్మకం మాత్రం ఇంకా రాలేదు. ఒకప్పుడు వీధి మొత్తం కొలతలూ కాగితం లేకుండా తలలో పెట్టుకున్న మనిషి. ఇప్పుడు రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని కుట్టుమిషను పొడవెంతో చెబుతాడు, తర్వాత టేపు పెట్టి చూస్తాడు, రాత్రికి రాత్రి అది పొట్టిదైపోయిందేమోనని. సరిపోతే మిషనుకి దణ్ణం పెడతాడు. పిన్ని ఇచ్చిన టీ గ్లాసునైనా కొలిచాకే తాగుతాడు.

మొన్న డ్రిల్లు మాస్టారు కొత్త ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చారు. జేబు చిరిగిన పాత ప్యాంటు కూడా బాగుచేయమని తెచ్చారు. బాబాయి కళ్లు మూసుకుని, "నడుము ముప్పై నాలుగు" అన్నాడు. టేపు చుట్టి చూస్తే ముప్పై తొమ్మిది. బాబాయి మొహం పాలిపోయింది. టేపు పిన్ని చేతిలో పెట్టేసి, "ఇక కొట్టు మూసేద్దామే" అన్నాడు.

పిన్ని ఆ పాత ప్యాంటు నడుము కొలిచింది. "ఇది పోయినేడు మీరు కుట్టిందేగా? ముప్పై నాలుగే ఉంది. మీకేం కాలేదండీ, మాస్టారికే ఒళ్లొచ్చింది!"

"మంచాన పడింది నేనైతే, మారిపోయింది మీరా!" బాబాయి లేచి, పొట్ట అడ్డొస్తున్నా వదలకుండా, మాస్టారిని కావలించుకున్నాడు.

"కాస్త గాలికి ఉబ్బిందంతే" అని గొణిగారు మాస్టారు. "సరే, ముప్పై తొమ్మిది అని రాసుకో."

"రాసుకునేదేంటి మాస్టారూ? ముప్పై నాలుగే కుడతా. నా బుర్ర సరిగ్గానే ఉంది, మీరే దానికి సరిపోయేలా తగ్గి రండి!"