పోయాయి

మా అమ్మాయి ఇక్కడే, అమెరికాలోనే పుట్టింది. వాళ్ల నాన్న ఆఫీస్‌కి బయల్దేరినా "డాడీ పోయారు" అంటుంది. వింటే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులు వెళ్తారే, చస్తేనే పోతారు అని ఎన్నిసార్లు చెప్పినా దాని తలకెక్కదు.

మొన్న చలికాలంలో, అలాస్కా వైపు నుంచి వచ్చి దిగే తెల్లబాతులను చూపిద్దామని ఫ్రీమాంట్ నుంచి చీకట్లోనే బయల్దేరి దాన్ని పక్షుల రెఫ్యూజ్‌కి తీసుకెళ్లాను. వెలుగు రాగానే అవన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ గోలలో పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు.

ఆ రోజు గోల లేదు. నేను కారు దగ్గర ఫ్లాస్క్‌లోంచి టీ వంపుకుంటున్నాను. గట్టు మీద బైనాక్యులర్స్‌తో నిలబడ్డ అమ్మాయి, "అమ్మా, బర్డ్స్ పోయాయి" అంది.

"పోయాయి కాదే, ఎగిరిపోయాయి అనాలి" అని కసిరాను.

"నో అమ్మా, పోయాయి" అంటూ బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టింది.

బాతులు నీళ్ల నిండా ఉన్నాయి. తలలు మునిగిపోయి, గాలి ఎటు తోస్తే అటు కదులుతున్నాయి. మాస్కులు పెట్టుకున్న ఇద్దరు వాటిని తీసి సంచుల్లో వేస్తున్నారు. బర్డ్ ఫ్లూ, దగ్గరికి రావద్దని కేకేశారు.

దాని తెలుగులో నేను దిద్దాల్సిందేమీ లేదు.