మంచన్నల గుడిలో దున్నపోతు

పెంగ్‌హు దీవుల్లో వలలో ఎముక పడితే ఎవరూ దాన్ని మళ్లీ నీళ్లలోకి విసరరు. ఎర్రగుడ్డలో చుట్టి ఒడ్డుకు తెచ్చి మంచన్నల గుడిలో పెడతారు. సముద్రంలో దిక్కులేకుండా పోయినవాళ్లే ఆ మంచన్నలు. ఈ విషయంలో ఔయాంగ్ చిన్‌శుయ్‌ది అందరికంటే మొండిపట్టు. అతని తండ్రి పడవతో సహా మునిగిపోయాడు, గోరుముక్క కూడా దొరకలేదు. ఏ ఒడ్డునో ఎవరో ఆయన్నీ ఇలాగే చేరదీసి ఉంటారన్న ఆశ ఒక్కటే కొడుక్కి మిగిలింది.

ఒకసారి అతని వలలో లావుపాటి ఎముక ముక్క వచ్చింది. ఎవరో దిట్టమైన నావికుడై ఉంటాడనుకుని గుడిలో చేర్చాడు. ఏటా పోయినవాళ్లకు పెట్టుకునే ఏడో నెలలో సారా, వేరుశెనగ అచ్చు, సిగరెట్టు మానకుండా పెట్టుకుంటూ వచ్చాడు.

మ్యూజియంలో పనిచేసే మేనల్లుడు వైతింగ్ దాన్ని చూసి కాసేపు నసిగాడు. "మావయ్యా, ఇది మనిషిది కాదు. అడవిదున్నది," అన్నాడు చివరికి. వేల ఏళ్ల కిందట సముద్రపు నీళ్లు కొంత మేర మంచుగడ్డలై ఎక్కడో ఉత్తరాన నిలిచిపోయాయట. ఇప్పుడు వీళ్లు వల వేసే చోటంతా అప్పుడు పచ్చికబయలట. మంచు కరిగేకొద్దీ సముద్రం తరతరాలుగా పైకొచ్చి ఆ మేతనేలను మింగేసిందట.

ఈ కబురు చేపల బజారుకు చేరడానికి పూట పట్టలేదు. దున్నపోతుకు సిగరెట్టు ముట్టించిన మొనగాడంటూ బజారంతా పొట్ట పట్టుకుని నవ్వింది. గుడిపెద్ద వెన్‌హాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. పశువును తమ పక్కన పెడితే మంచన్నలు ఊరుకోరని, దాన్ని తీసి పారేయడానికి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

చిన్‌శుయ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలున్నవాళ్లలో ఒక్కడి పేరు చెప్పరా వెన్‌హాయ్. తెలీదుగా? సముద్రం ముంచిందని తెచ్చుకున్నాం, ఊరూ పేరూ అడగలేదు. దీని నేలనీ ఆ సముద్రమే ముంచింది."

"ఒరేయ్, అది గొడ్డురా."

"అయితే ఏంటి? రేపు మా నాన్న ఎముక ఎవరి వల్లోనో పడితే, వాళ్లూ నీలాగే అనుమానపడి విసిరేస్తే? దీన్ని తియ్యాలంటే ముందు నన్ను తియ్యి."

వెన్‌హాయ్ చెయ్యి ముందుకు రాలేదు. వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆ ఏడు ఏడో నెలలో చిన్‌శుయ్ సిగరెట్టు తేలేదు. చిలగడదుంప తీగల మోపు నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా బజారు మధ్యనుంచి నడిచి గుడికి వెళ్లాడు. పచ్చటి ఆకంతా ఎముక ముందు పరిచాడు.

"తిను. నవ్వేవాళ్లను నవ్వనీ," అన్నాడు.