చింతపండుతో తోమిన కిటికీ వల

మొన్న మా కోడలు కిటికీలకు అతికించే నైలాను దోమతెర తెప్పించి, ఏ రంగు బాగుందో చెప్పమని నా ముందు పరిచింది. నేను రంగు చూడకుండా దాని మూల మడిచి గోటితో గీరడం చూసి నవ్వింది. ఇనుప వలలు కొన్న ఇళ్ళలో బతికిన నా ఈడువాళ్ళకు ఆ గీరడం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

నేను తమిళనాట ధర్మపురిలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే మామగారు కిటికీలన్నిటికీ జింకు పూత వేసిన ఇనుప వల బిగించాలని తలపెట్టారు. బస్టాండు దగ్గర ఇనుప సామాను కొట్టు నడిపే తన స్నేహితుడి దగ్గరే కొనాలన్నది ముందే తేలిపోయిన సంగతి. ఇద్దరూ పెరియంపట్టిలో ఒకే వీధిలో పెరిగి, ఒకే ఏడు ధర్మపురి చేరి, రోజూ సాయంత్రం ఆ కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగనిదే ఇంటిముఖం పట్టని మనుషులు. అత్తగారితో పాటు నన్నూ తీసుకుపోయారు గనుక ఎంపిక అంతా కళ్ళారా చూశాను. మామగారు వల చుట్ట విప్పించి, మూల వంచి మళ్ళీ సాపు చేసి, గోటితో గీరి పూత రాలుతుందేమో చూశారు, వెలుతురుకు ఎత్తి కన్నాలు ఒకే తీరుగా ఉన్నాయా అని చూశారు, చివరకు ఇంటి నుంచి పొట్లం కట్టి తెచ్చిన ఆవాలు దాని మీద పోసి, ఒక్కటీ కిందికి జారలేదని తృప్తిపడ్డారు. ఆ ఆవాల పొట్లం చూసి స్నేహితుడు కడుపుబ్బ నవ్వి, "ఇది తుప్పు పట్టిందంటే నా మీసం తీసేస్తానప్పా" అన్నాడు. కోసిన అంచులకు రంగు పూయమనీ, నెలకోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, సబ్బు నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిమ్మనీ చెప్పాడు.

చింతపండు తగలనివ్వవద్దని మాత్రం చెప్పలేదు. కిటికీని చింతపండుతో తోమే మనిషి ఉంటుందని ఎవరనుకుంటారు?

కొత్త కోడలి పనితనాన్ని ఇత్తడి బిందెల మెరుపులో చూసే కాలం అది, మా వైపు చింతపండుకు కరువూ లేదు. ఆడి నెల పద్దెనిమిదో నాటి కావేరి పండుగకు హొగేనకల్లు జలపాతానికి పోయే చుట్టాలంతా మా ఇంట్లో దిగుతారని తెలిసి, బిందెలు తోమిన చేత్తోనే వలలూ తోమాను. దుమ్ము పోయి తేటగా కనిపించేసరికి అత్తగారు చుట్టాల ముందు మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు ఉబ్బిపోయి ఇక ప్రతి శుక్రవారమూ తోమాను. దీపావళి నాటి ఐప్పసి వానలు పట్టేసరికి వలంతా ఎర్రబారి, వేలు పెడితే పొడిగా రాలింది.

మామగారు ఒక ముక్క కోసి తీసుకుపోయి, బేరానికి వచ్చినవాళ్ళ ఎదుటే ఆ బల్ల మీద పడేసి, "నీ మాట నమ్మినాను గదప్పా, ఇదా నీ సరుకు?" అని వచ్చేశారట. స్నేహితుడు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడట. ఆనాటితో టీ ఆగింది, మాట ఆగింది. సోగత్తూరులో ఒక పెళ్ళిలో ఎదురుబొదురు పంక్తుల్లో కూర్చుని కూడా ఇద్దరూ తల ఎత్తలేదు.

తప్పు నాదేనని మరుసటి వేసవికి తెలిసింది. అదే పూత ఉన్న బకెట్లు రెండుంటే, నేను చింతపండుతో తోమినది తుప్పు పట్టింది, పెరట్లో ఎవరూ పట్టించుకోనిది చెక్కుచెదరలేదు. ఆ రోజే చెప్పాలనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి మామగారు చెప్పులు తొడుక్కుని గేటు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చునేవారు; అది చూస్తూ కూడా, అత్తగారి దగ్గర వచ్చిన మంచిపేరు పోతుందన్న భయంతో మూడేళ్ళు నోరు మెదపలేదు.

చివరకు ఒక ఉదయం కూరగాయలకని బయలుదేరి నేరుగా ఆ కొట్టుకే పోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి సోడా తెప్పించి, నేను చెప్పడం సగంలో ఉండగానే ఆపాడు. "తెలుసమ్మా, ఆ ముక్క చూసిన దినమే తెలుసు. పీచుతో తోమిన గీతలు కనిపిస్తా ఉండె గదా. కొత్తగా వచ్చిన బిడ్డను ఇంట్లో ఏమన్నా అంటారని ఊరకుండినాను. చింతపండు సంగతి నేనూ చెప్పలేదు గదా" అన్నాడు. ఇంట్లో చెప్పవద్దనీ అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది సిగ్గు కాదు, బతికిపోయానన్న ఊరట.

ఆ మాట వినకుండా ఆ పూటే మామగారికి చెప్పేశాను. ఆయన తింటున్న అన్నం వదిలి, చేయి కడుక్కుని కొట్టుకు పోయారు. టీ మళ్ళీ మొదలైంది గాని, ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా పలకరించుకోసాగారు. చిన్ననాటి స్నేహితుల మధ్య 'అప్పా' పోయి 'మీరు' వచ్చింది.

ఇప్పుడు వస్తువుకు పూచీ డబ్బా మీదే అచ్చయి వస్తుంది. పాడైతే మార్చుకుంటాం, ఎవరితోనూ తగవు ఉండదు. సుఖమే, కాదనను. కాని పరాయి ఇంటి కోడలు చేసిన తప్పుకు అబద్ధాలకోరన్న పేరు మూడేళ్ళు మోసే మనిషి ఇప్పుడు ఏ కొట్టులో దొరుకుతాడు? దొరికిన ఆ ఒక్కణ్ణీ నేను క్షమించమని అడగనే లేదు.