రాప్తాడులో నైజీరియా చిరుతిళ్ళు, ఎదురుగా మా అన్న

మా అన్న ఓబులేసుకు రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ ఉంది. ఆయన కూతురు అనిత, బెంగళూరులో తనతో పాటు హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన నైజీరియా అబ్బాయి ఎమెకాను మూడేళ్ళ కిందట పెళ్ళి చేసుకుంది. అప్పటి నుంచి అన్న ఆమెతో మాట్లాడలేదు. ఈ వేసవిలో ఆ ఇద్దరూ రాప్తాడు దగ్గర హైవే పక్కన చిన్న రెస్టారెంట్ తెరిచారు. "అత్తా, నాయనను ఒక్కసారి పిల్చుకొని రా. తినకపోయినా సరే" అని అనిత ఫోన్ చేసింది. అన్న మొదట కసురుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఆయనే, "పోదాం పద. ఆడ నేనేమీ తినను, ముందే చెప్తాండా" అన్నాడు.

శనివారం మూడు గంటలకు కారులో బయలుదేరాం. కళ్యాణదుర్గం మీదుగా అనంతపురానికి రెండున్నర గంటలు పట్టింది. వానల్లేక వేరుశనగ చేలు వాడిపోయి ఉన్నాయి. మామూలుగా అయితే అన్న ప్రతి చేను గురించీ ఏదో ఒకటి అంటాడు. ఆ రోజు కిటికీ అద్దం ఎత్తేసుకున్నాడు. టీకి ఆపితే కారు దిగలేదు. అనంతపురం నుంచి బెంగళూరు వైపు ఇంకో ఇరవై నిమిషాలు పోతే రాప్తాడు. బస్సులో వచ్చేవాళ్ళు అక్కడ దిగి ఆటో ఎక్కొచ్చు.

లోపల ఆరు టేబుళ్ళు. ఫుల్ మీల్స్ ఉండవు, అన్నీ చిన్న ప్లేట్లే, ఒక్కోటి నూటయాభై నుంచి మూడొందలు. "రా మామా, ఈడ కూచో, గాలొస్తాది" అన్నాడు ఎమెకా, అచ్చం మా యాసలో. అన్న గోడవైపు చూశాడు. అనిత వంటింటి గుమ్మం దాటి రాలేదు.

ముందు అకరా వచ్చింది. అలసంద వడే, కాకపోతే దూదిలా మెత్తన, మీద ఎర్రటి మిరప చట్నీ. తర్వాత సూయా: పల్చగా కోసిన మేకమాంసానికి శనక్కాయ పొడి, అల్లం, కారం పట్టించి, పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చింది. ఘుమఘుమలాడుతోంది, నేనొక పుల్ల అందుకున్నాను. అన్న చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. మూడో ప్లేటు తెచ్చి ఎమెకా ఆయన ముందే దించాడు.

అప్పుడే పక్క టేబుల్ దగ్గరున్న ఇద్దరిలో ఒకడు వంటింటి వైపు చూసి గట్టిగా నవ్వాడు. "ఏమప్పా, ఈ నల్లోనికి మన పిల్ల యాడ దొరికింది? దానికి నాయన లేడేమో!"

ఎమెకా కదల్లేదు. అనిత లోపలికి తప్పుకుంది. 'నల్లోడు' అన్న మాట మా ఇంట్లో అన్న నోటి నుంచే ఎన్నోసార్లు విన్నదాన్ని. ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఉండాడప్పా నాయన. ఈడే ఉండాడు" అన్నాడు వాళ్ళతో. "ఆ పిల్ల నా బిడ్డ. ఈయన నా అల్లుడు. తినేదుంటే తినండి, లేకుంటే లేసి పోండి."

వాళ్ళు గొణుక్కుంటూ లేచిపోయారు. అన్న మళ్ళీ కూర్చొని, సూయా పుల్ల ఒకటి తీసుకొని నెమ్మదిగా నమిలాడు. అనిత బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన తలెత్తకుండానే, "శనక్కాయలు ఇంకొంచెం ఏంచల్లమ్మా. పచ్చివాసన వస్తాంది" అన్నాడు.

"సరే నాయనా" అంది అనిత. ఆయన చేతిలోని ఖాళీ పుల్ల అందుకొని వంటింట్లోకి పోయింది.

అంతా చక్కబడిందని రాయలేను. తిరుగుదారిలో వదినకు ఏం చెప్పాలో తెలియక, "నువ్వే చెప్పు" అని అన్న ఫోన్ నా చేతికిచ్చాడు. ఎమెకా ఊసు ఎత్తలేదు. ఎన్నో ఊళ్ళు తిరిగాను కానీ, ఒక మనిషి రెండు టేబుళ్ళ మధ్య లేచి నిలబడినంత దూరం ఎవరూ ప్రయాణం చేయగా చూడలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. సూయా చల్లారితే బిరుసెక్కిపోతుంది. ప్లేటు రాగానే చెయ్యి పెట్టండి.